పొరపాటెరుగని జయపాల్

నరసాపురం బజారులో స్టీలు సామాను కొన్నవాళ్ళు దాని మీద పేరు చెక్కించకుండా ఇంటికి వెళ్ళరు. పెళ్ళికిచ్చే బిందె మీద పెళ్ళికూతురి పేరు, పుట్టినరోజు గ్లాసు మీద పిల్లవాడి పేరు, పోయినవాళ్ళ పేరిట చర్చికిచ్చే పళ్ళెం మీద పోయినవాళ్ళ పేరు. కొట్టు గుమ్మం పక్కన చిన్న బల్ల వేసుకుని, కరెంటు సూదితో గిర్రుగిర్రున అక్షరాలు దింపే వీరబ్రహ్మం చేతి మీదుగా ఊళ్ళో సగం వంటగదులు వెళ్ళాయని చెప్పుకుంటారు. అంతటి వీరబ్రహ్మం కూడా కటింగ్ ప్లేయరు మీద పేరు చెక్కడం రాజరత్నం మాస్టారి కోసమే మొదలుపెట్టాడు.

"పళ్ళేలైతే పల్చగా ఉంటాయండి, చెప్పిన మాట వింటాయి. ఇది మొండి ఇనుమండి బాబూ," అన్నాడు వీరబ్రహ్మం, సూది మీద ఊదుకుంటూ. "మీ సామాను చేసినప్పుడల్లా నాకో సూది అరిగిపోద్ది."

"అరిగితే కొత్తది వేయించు, ఖర్చు నాది. అక్షరం మాత్రం లోతుగా పడాలి," అన్నారు మాస్టారు.

"పడుద్దండి. మీరు పోయినా, నేను పోయినా ఆ పేరు పోదండి."

మాస్టారు ఆ మాటకు తల ఊపారు. ఆయనకు కావలసింది అదే.

రాజరత్నం మాస్టారు ఇంగ్లీషు బోధించి, ప్రధానోపాధ్యాయులుగా పదవీ విరమణ చేసినవారు. ఒక్కగానొక్క కొడుకు జయపాల్ ఐ.టి.ఐ. చదివి ఎలక్ట్రీషియన్ అయ్యాడు. మేస్త్రీగా స్థిరపడి, చుట్టుపక్కల రొయ్యల చెరువులకు కరెంటు పనులన్నీ తానే చూసేవాడు. స్తంభం మీద పని చేస్తూ ఉండగానే కరెంటు తగిలి పోయాడు. ఇప్పటికి మూడో ఏడు జరుగుతోంది.

కొడుకు పోయిన రోజున మాస్టారు ఏడవలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు సరిపోయాయా లేదా చూశారు. తరవాత సమాధి పలక మీద తేదీ తప్పు పడితే నిలబడి దిద్దించారు. "మాస్టారిది గట్టి గుండె" అనుకున్నారు జనం. గట్టిదో, తిమ్మిరెక్కిందో ఆయనకే తెలియదు. చెయ్యి మీద పడుకుని లేచినప్పుడు ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు పక్కన పడి ఉంటుంది చూడండి, ఆయనకు తన రోజులన్నీ అలాగే పక్కన పడి ఉన్నట్టుండేవి. అన్నం తినేవారు, పేపరు చదివేవారు, పలకరించిన వారికి బదులు చెప్పేవారు. అంతే.

ఆ స్థితిలోనే ఆయన ఒక పని తలపెట్టారు. జయపాల్ స్మారక విద్యా సహాయం. చేతిపని నేర్చుకోవడానికి ఐ.టి.ఐ.లో చేరే స్థానిక విద్యార్థులు ముగ్గురికి ప్రతి ఏటా ఫీజు కట్టడం, ఎవరి పనికి తగిన పనిముట్ల పెట్టె వారికివ్వడం. ప్రతి పనిముట్టు మీద 'జయపాల్ జ్ఞాపకార్థం' అని చెక్కించారు. పెట్టె మూత లోపల కొడుకు ఫోటోతో ఒక కార్డు అంటించారు. కార్డు మీది వాక్యం స్వయంగా కూర్చుకున్నారు: 'పనిలో పొరపాటెరుగని జయపాల్, విద్యుత్ ప్రమాదమున ప్రభువునందు నిద్రించెను.' నిరుడు తొలిసారిగా జ్ఞాపకార్థ కూడికలో పెట్టెలు పంచినప్పుడు ఆ వాక్యం మీదే ప్రసంగం చేశారు. ఈ ఏటి కూడిక ఆదివారం సాయంత్రం జరగవలసి ఉంది.

వీరబ్రహ్మం దగ్గర కొత్త సామాను తీసుకుని ఇంటికి వచ్చేసరికి ఐ.టి.ఐ. నుంచి ఫోను వచ్చింది. మాట్లాడినాయన ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పే ఇన్‌స్ట్రక్టరు.

"మాస్టారండీ, ఏమీ అనుకోవద్దు. నిరుడు మీరు పెట్టె ఇచ్చిన వీరదుర్గ అని ఒక అమ్మాయి ఉంది కదండీ, ఆ పెట్టెను ఒక్కరోజు కూడా తేలేదండి. పక్కవాళ్ళ ప్లేయరు అడుక్కుని పని చేస్తోంది. పై నెల ప్రాక్టికల్ పరీక్షకి సొంత సామాను లేకపోతే నేను కూర్చోనివ్వలేనండి."

"మిగిలిన ఇద్దరు?"

అవతల గొంతు కాస్త తటపటాయించింది. "వాడుతున్నారండి. పేరున్న చోట టేపు చుట్టుకుని వాడుతున్నారు."

మాస్టారు ఫోను పెట్టేశారు. బాధ కలగవలసిన చోట ఏమీ కలగలేదు. అది కూడా గమనించారు. మర్నాడు ఉదయం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గొడుగు తీసుకుని రేవుకు వెళ్ళి, గోదావరి దాటించే పంటు ఎక్కారు.

వీరదుర్గ వాళ్ళది అవతలి ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పేట. ఇంటి ముందు దాని తల్లి వీరవేణి ఎండుచేపలు తిరగేస్తోంది. మాస్టారిని చూసి చేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచింది.

"అయ్యబాబోయ్, మాస్టారండీ! కబురెడితే మేమే వచ్చేవోళ్ళం కదండి. కూకోండి. సోడా తెప్పించనా?"

"ఏమీ వద్దమ్మా. అమ్మాయికిచ్చిన పనిముట్లు ఒకసారి చూసి వెళ్దామని వచ్చాను."

"పదిలంగా ఉన్నాయండి! తుప్పన్నది తెలీదు. శుక్రవారం శుక్రవారం తుడిచి బొట్టెడతన్నాను."

"బొట్టు దేనికమ్మా?"

"పోయినోళ్ళ పేరుంది కదండి. కింద పెడితే దోషం, కాలు తగిల్తే దోషం."

ఆమె చూపిన వైపు చూశారు. గోడ గూట్లో అమ్మవారి పటం పక్కన పెట్టె తెరిచి ఉంది. ప్లేయరు, స్క్రూడ్రైవర్లు, టెస్టరు అన్నీ వరుసగా పసుపు, కుంకుమ బొట్లతో కొట్టులో కొన్ననాటి మెరుపు చెదరకుండా ఉన్నాయి. మూత లోపల జయపాల్ ఫోటోకు బంతిపూల దండ వేసి ఉంది.

వీరదుర్గ లోపలి నుంచి వచ్చి నమస్కారం పెట్టింది. పొడగరి పిల్ల. మాటలో తడబాటు లేదు.

"నేను చెబుతానే ఉన్నానండి, అవి పూజకి కాదు పనికి అని. అమ్మ వింటేగా."

"ఓసి నీ కబుర్లూ! నువ్వు మాత్రం ముట్టుకున్నావా?" అంది వీరవేణి. "చూడండి మాస్టారూ, ఇది నా మీదకి తోసేత్తంది. పరీక్ష ఉంది తీసుకెళ్ళవే అంటే, ఆ పెట్టెకేసి పాముని చూసినట్టు చూత్తాది."

వీరదుర్గ తల వంచుకుంది. మాస్టారు కుర్చీలో నిటారుగా కూర్చుని, తరగతిలో అడిగినట్టే అడిగారు.

"కారణం చెప్పు. భయపడకుండా, సూటిగా చెప్పు."

"కోప్పడరు కదండీ?"

"కోప్పడను."

"నిరుడు కూడికలో మీరే చెప్పారండి, జయపాల్ అన్న పనిలో ఒక్క పొరపాటు కూడా చేసి ఎరగరని. కార్డు మీద కూడా అదే వేశారు."

"అవును."

"మా సారేమో, పద్ధతి ప్రకారం చేస్తే కరెంటు ఎవర్నీ ఏమీ చెయ్యదని రోజూ చెబుతారండి. నమ్మాను. పెట్టె ఇంటికి తెచ్చుకుని కార్డు చదివాక నమ్మకం పోయిందండి. ఏ పొరపాటూ చెయ్యని మేస్త్రీనే లాగేసిందంటే, పూటకో పొరపాటు చేసేదాన్ని, నన్ను వదుల్తాదా అండి? ఆ ప్లేయరు పట్టుకుంటే చాలు, పేరు వేలికి తగుల్తుంది. ఇంక చెయ్యి ఆడదు."

"టేపు చుట్టుకోవచ్చు కదా," అన్నారు మాస్టారు. ఆ మాట తన నోటి నుంచి వచ్చినందుకు ఆయనకే వింతగా తోచింది.

"చుట్టినా కింద ఉంటాది కదండి." వీరదుర్గ తలెత్తింది. "అన్న ఎలా పోయారండి?"

"విద్యుత్ ప్రమాదం."

"అది కార్డు మీద ఉందండి. ఎలా జరిగిందీ అని అడుగుతున్నాను. మా క్లాసులో ఎవరికీ తెలీదండి. ఒక్కొక్కళ్ళు ఒక్కోలా చెబుతారు. ఒకడైతే, కరెంటు దానికదే దూకి మీద పడిందంటాడు."

"ఒసే, నోర్ముయ్యవే!" అంది వీరవేణి. "పెద్దాయన్ని పట్టుకుని అలాంటివి అడుగుతారా? తప్పు కాయండి మాస్టారూ, దానికి బుర్ర తక్కువ."

మాస్టారు గొడుగు అందుకున్నారు. "పంటుకు వేళవుతోంది. ఆదివారం కూడికకు పెట్టె తీసుకుని రా," అని మాత్రం అన్నారు.

పంటు మీద మోటారు సైకిళ్ళ మధ్య నిలబడి ఆయన నీళ్ళకేసి చూశారు. ఎలా జరిగిందో ఆయనకు తెలుసు. జయపాల్‌తో కలిసి పని చేసిన విజయ్ పాల్, సమాధి కార్యక్రమం అయిన వారంలోనే వచ్చి, పెరట్లో నిలబడి అంతా చెప్పాడు. చెరువులో రొయ్యలు పైకి తేలుతున్నాయని ఆ పూట కబురు వచ్చింది. నీళ్ళను చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగిపోయాయి. గట్టు మీది స్తంభం దగ్గర తీగ తెగింది. జయపాల్ షెడ్డులో మెయిను తీశాడు. ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాడు. స్తంభం ఎక్కాడు. ఎక్కాక తీగకు టెస్టరు పెట్టి చూడాలి. చూడలేదు. తీగలన్నిటినీ కలిపి భూమికి తగిలించే ఎర్తు గొలుసు వేయాలి. గొలుసు బండి దగ్గరే ఉండిపోయింది. ఆ లైను చివర ఇంకో చెరువు కాపలా మనిషి, కరెంటు పోయిందనుకుని జనరేటరు వేశాడు. ఆ కరెంటు వెనక్కి తిరిగి ఇదే తీగలోకి వచ్చింది.

"కింద నుంచి అరిచానండి, గొలుసేసుకోరా అని," అన్నాడు విజయ్ పాల్ ఆనాడు. "అవతల రొయ్యలు చచ్చిపోతన్నాయిరా, రెండు నిమిషాల పని, అన్నాడండి."

మాస్టారు అంతా విని, "ఈ మాట ఇంకెవరితోనూ అనకు," అన్నారు. విజయ్ పాల్ అనలేదు. తరవాత ఆయన బల్ల ముందు కూర్చుని కార్డుకు వాక్యం కూర్చారు. జీవితంలో తెలిసి తెలిసి అసత్యం రాయడం అదే మొదలు.

ఇంటికి చేరేసరికి భార్య సువార్తమ్మ కూడికకు కట్టుకునే తెల్లచీర మడత విప్పి చూసుకుంటోంది.

"ఆ పిల్ల బాగా చదువుతోందా అండీ?" అని అడిగింది.

"చదువుతోంది. వాడి పేరున్న పనిముట్లు ముట్టుకోవడానికి భయపడుతోంది."

"భయం దేనికి? వాడి చేతి పని ఎంత శుభ్రంగా ఉండేదో చెప్పలేకపోయారా?" సువార్తమ్మ చీర మళ్ళీ మడత పెట్టింది. "నా కొడుకు తప్పు చేసేవాడు కాదండీ. నాకు మిగిలింది ఆ ఒక్కటే."

మాస్టారు గొడుగు మూల పెట్టి లోపలికి వెళ్ళారు. కూడిక వరకు ఉన్న రెండు రోజులూ ఆయన ఒకే లెక్క వేసుకుంటూ కూర్చున్నారు. కొడుకు పేరు ఇనుము మీద ఉండిపోతుంది. దాన్ని పట్టుకునే చెయ్యి ఉండదు. పేరు మీద టేపు చుట్టుకుంటారు, లేదా గూట్లో పెట్టి దండ వేస్తారు. పోనీ, నిజం చెబితే ఆ పిల్ల చెయ్యి ఆడుతుంది. ఇంట్లో మనిషికి మిగిలిన ఆ ఒక్కటీ పోతుంది. ఇంగ్లీషులో ఆలోచించినా, తెలుగులో ఆలోచించినా జవాబు మారలేదు.

ఆదివారం సాయంత్రం చర్చి పక్క హాలు నిండింది. ముందు బెంచీలో సువార్తమ్మ, వెనక గోడ వారగా విజయ్ పాల్, కుడివైపు విద్యార్థులు. వీరవేణి ఆ పెట్టెను పసుపు గుడ్డలో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పాస్టరుగారు ప్రార్థన ముగించి, "ఇప్పుడు మన మాస్టారుగారు, పనిలో పొరపాటెరుగని తన కుమారుని గురించి రెండు మాటలు సెలవిస్తారు," అన్నారు.

మాస్టారు లేచి, చొక్కా సర్దుకుని బల్ల వెనక నిలబడ్డారు. కాగితం లేదు.

"కార్డు మీద అచ్చయిన వాక్యం అసత్యం," అన్నారు. "రాసినవాణ్ణి నేనే. జయపాల్ మంచి పనివాడు. ఆ రోజున మాత్రం పొరపాటు చేశాడు. అది ఏమిటో ఈ పిల్లలకు తెలియాలి కనుక చెబుతున్నాను."

చెప్పారు. మెయిను తీయడం, ఫ్యూజులు పీకడం, స్తంభం ఎక్కడం. పెట్టి చూడని టెస్టరు. బండి దగ్గరే ఉండిపోయిన గొలుసు. అది వేసుకోమని కింద నుంచి విజయ్ పాల్ అరిచిన అరుపు. అటు చివర ఎవరో వేసిన జనరేటరు. వ్యాకరణ పాఠం చెప్పినప్పుడు వాక్యం ఎలా విడదీసేవారో అలాగే, ఒక్కొక్కటే విడదీసి చెప్పారు. తన గొంతు వేరెవరో హాలు వెనక నిలబడి మాట్లాడుతున్నట్టు వినబడింది ఆయనకు. ముందు బెంచీ వైపు చూడలేదు.

పాస్టరుగారు బైబిలు తెరిచి మళ్ళీ మూశారు. అప్పుడు వీరదుర్గ లేచి నిలబడింది. వీరవేణి దాని ఓణీ పట్టుకుని లాగుతూనే ఉంది.

"ఫ్యూజులు జేబులోనే ఉన్నాయి కదండీ. అయినా వచ్చిందా అండి కరెంటు?"

"వచ్చింది."

"అయితే అటువైపు నుంచి కూడా వస్తాదని ఆయనకి తెలీదా అండి?"

"తెలుసు," అన్నారు మాస్టారు. "ఇతరులకు అదే నేర్పేవాడు. ఆ రోజు తొందరపడ్డాడు. రొయ్యలు చచ్చిపోతాయని."

"మరి గొలుసుంటే..."

"బతికేవాడు."

వీరదుర్గ తల ఊపింది. "అలాగైతే సరేనండి," అని కూర్చుంది.

ఆ 'సరే'కు అర్థం ఏమిటో హాల్లో చాలామందికి తెలియలేదు. కొత్త పెట్టెలు పంచడం, టీ, బిస్కట్లు మామూలుగానే జరిగాయి. పెద్దవాళ్ళు మాస్టారి దగ్గరకు రావడానికి జంకి, ఇద్దరిద్దరుగా విడిపోయి గుసగుసలాడుకున్నారు. కానీ విద్యార్థులు వెనక గోడ దగ్గరకు చేరి విజయ్ పాల్‌ను చుట్టుముట్టారు. వాడు ఇన్నాళ్ళు బిగబట్టిన మాటలన్నీ ఒక్కసారిగా బయటపడుతున్నాయి. కిటికీ ఊచలు తీగలని, కుర్చీ స్తంభమని చెప్పి, గొలుసు ఎక్కడ తగిలించాలో చేతులతో చూపిస్తున్నాడు.

"ముందు కింద ఎర్తుకి కట్టాలి. తరవాతే పైన తీగలకి. తిరగేశావనుకో, నువ్వే గొలుసైపోతావు," అన్నాడు. పిల్లలు పకపకా నవ్వారు.

"జయపాల్ అన్న చేసిన పని ఇంకోసారి చెప్పండి," అంటోంది వీరదుర్గ. "మెయిను తీశాక, ఎక్కేలోపు ఏం చెయ్యాలి?" మాటల మధ్యలో, వెనకే వచ్చి కూర్చున్న తల్లి ఒళ్ళోని గుడ్డ విప్పి, ప్లేయరు తీసి, దాని చివరతో ఊచ మీద కొట్టి చూపించి, "ఇక్కడా?" అని అడిగింది. బొటనవేలు సరిగ్గా పేరు మీదే ఉంది. వీరదుర్గ ఆ సంగతి చూసుకోలేదు. వీరవేణి మాత్రం, "బొట్టు చెరిగిపోతందే!" అంది నీరసంగా.

మాస్టారు అదంతా చూశారు. సంతోషం కలుగుతుందేమోనని కొంచెంసేపు ఎదురుచూశారు. కొడుకు పేరు ఇప్పుడు ఊళ్ళో తిరుగుతుంది. మంచి పనివాడి పేరుగా కాదు, చేయకూడని పనికి గుర్తుగా తిరుగుతుంది. తాను చేసింది అదే. ఆయన నెమ్మదిగా ముందు బెంచీ దగ్గరకు నడిచారు.

సువార్తమ్మ కదలలేదు. ఇచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది. మాస్టారు బెంచీ ఈ చివర కూర్చున్నారు. ఇద్దరి మధ్యా ఇంకో ఇద్దరు పట్టేంత చోటుంది.

"ఎప్పుడు తెలిసింది మీకు?" అని అడిగింది, ఎదురుగా ఉన్న గోడను చూస్తూ.

"అప్పుడే. ఆ వారంలోనే."

"నాకు చెప్పలేదు."

"నువ్వు తట్టుకోలేవనుకున్నాను."

"తట్టుకోవడం..." సువార్తమ్మ గ్లాసు కింద పెట్టింది. "ఏ తప్పూ చేయని బిడ్డను ఎందుకు తీసుకుపోయావని ఇన్నాళ్ళూ దేవుణ్ణి తిట్టానండీ. మోకాళ్ళ మీద కూర్చుని తిట్టాను. చర్చిలో ప్రభు భోజనపు రొట్టె తీసుకోవడానికి అందరూ లేచి వెళ్తుంటే, నేను బెంచీ పట్టుకుని కూర్చున్నాను. ఆయన దగ్గర నాకు జవాబు రావాలని కూర్చున్నాను. ఇప్పుడేమో జవాబు మీ జేబులోంచి తీశారు. నేనిప్పుడు ఎవర్ని తిట్టను?"

నలభై మంది పిల్లలు ఒకేసారి ప్రశ్న వేసినా తడుముకోని మనిషి.

"వాణ్ణే తిట్టు," అన్నారు మాస్టారు.

సువార్తమ్మ ఆయన వైపు తిరిగి చూసింది. హాస్యమాడుతున్నారేమోనని చూసింది. మాస్టారి ముఖంలో ఏమీ లేదు. మళ్ళీ గోడ వైపు తిరిగింది. పెదవులు బిగించింది. వెనక పిల్లలు కుర్చీ జరిపిన చప్పుడైంది.

"వెధవా," అంది చాలా చిన్న గొంతుతో. "రొయ్యల కోసమట్రా? రొయ్యలు పోతే వాళ్ళు ఇంకో పంట వేసుకుంటార్రా. నిన్నెక్కడ తెచ్చుకోను? వాడు కింద నుంచి అరుస్తూనే ఉన్నాడు కదరా, ఒక్క మాట వింటే నీ సొమ్మేం పోయింది? చిన్నప్పటి నుంచీ అంతే. చెప్పులేసుకుని వెళ్ళరా అంటే వినవు, తిని వెళ్ళరా అంటే వినవు..."

గొంతు పెరిగింది. గుమ్మం దగ్గరున్న ఒకరిద్దరు తిరిగి చూసి, చూడనట్టు బయటికి నడిచారు. పాస్టరుగారు ఓదార్చడానికి రెండడుగులు వేసి, మాస్టారు చెయ్యెత్తి ఆపితే అక్కడే నిలిచిపోయారు. సువార్తమ్మ తిడుతూనే ఉంది. అన్నం చల్లారబెట్టినందుకు, బండి వేగంగా నడిపినందుకు, పండక్కి కొన్న చొక్కాకు గ్రీసు పూసుకున్నందుకు, గొలుసు వేసుకోనందుకు. బతికున్న కొడుకును తల్లి ఏ వరసలో తిడుతుందో అదే వరసలో తిడుతోంది.

మాస్టారికి ఏడుపు రాలేదు. ఆమె మాటల్లో కొన్ని సరిగా వినబడడం లేదని మాత్రం తోచింది. బెంచీ మీద కొంచెం అటు జరిగారు. ఇంకొంచెం జరిగి, ఆమె పక్కన కూర్చుని విన్నారు.